గారెల పప్పు రుబ్బుతుంటే మిక్సీ కాలిపోయింది. బాగు చేయించాలా, గ్రైండర్ కొనాలా?

బెజవాడ_లత
మొన్న బుధవారం మా మామగారి తద్దినం. తెల్లవారుజామున అయిదింటికి లేచి గారెలకి పప్పు రుబ్బడం మొదలుపెట్టాను. అరకిలో పప్పు, నాలుగు వాయిల్లో అయిపోతుందనుకున్నా. మూడో వాయిలో మిక్సీ మూలిగినట్టు శబ్దం చేసి, కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. జార్ తీసి చూస్తే కింద నుంచి సన్నగా పొగ. భోక్తలు వచ్చే టైమ్ దగ్గర పడుతోంది, జార్‌లో సగం నలిగిన పప్పు. ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. పై ఫ్లాట్ వాళ్ల గ్రైండర్ తెచ్చుకుని, శుభ్రంగా కడిగి, దాంట్లో రుబ్బి గట్టెక్కాను.

మిక్సీ కొని 14 నెలలే. 750 వాట్లది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే "వైండింగ్, అంటే మోటారులో తీగ చుట్ట, పోయింది, మీరే ఓవర్‌లోడ్ చేశారు, వారంటీ రాదు, 2,300 అవుతుంది" అన్నారు. ఆ డబ్బుకి ఇంకో రెండు వేలో మూడు వేలో కలిపితే టేబుల్ టాప్ గ్రైండరే వస్తుంది కదా అనిపిస్తోంది.

ఇంట్లో అయిదుగురం. ఇడ్లీ, దోసె కలిపి వారానికి మూడుసార్లు. గారెలు పండగలకీ, తద్దినాలకీ. వంటింటి గట్టు చిన్నది. వాడినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

నెల్లూరు_నవీన్
బాగు చేయించుకోండి. గ్రైండర్ అరగంట తిరగాలి, కరెంటు బిల్లు వాచిపోతుంది.

విశాఖ_అల
నా దగ్గర 500 వాట్ల మిక్సీ, ఆరేళ్లుగా గారెలు దాంట్లోనే. జార్‌లో మూడో వంతుకి మించి పప్పు వేయను, ఐస్ నీళ్లు చెంచాతో చిలకరిస్తాను, నిమిషానికోసారి ఆపి గరిటెతో అంచులు తోస్తాను. తప్పు మిక్సీది కాదేమో లత గారూ, వాయి పెద్దదై ఉంటుంది.

కరెంటు_శీను
16 ఏళ్లుగా మిక్సీలు, మోటార్లు బాగు చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మిక్సీ మోటారుని చల్లబరిచే ఫ్యాన్ విడిగా ఉండదు, ఆ మోటారు ఇరుసుకే బిగించి ఉంటుంది. బ్లేడు జోరుగా తిరిగితే ఫ్యానూ జోరుగా తిరుగుతుంది. నీళ్లు తక్కువ పోసిన మినప్పప్పు బంకలా బ్లేడుని పట్టేస్తుంది. అప్పుడు వేగం పడిపోతుంది, మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది. చల్లబరచాల్సిన ఫ్యాన్ సరిగ్గా ఆ సమయానికే నెమ్మదిస్తుంది. అందుకే చట్నీలకి, మసాలాలకి పదేళ్లు పనిచేసిన మిక్సీ ఒక్క పండగ పూట గారెల పిండికి పోతుంది. సంక్రాంతి వెళ్లిన వారం నా షాపులో నిలబడటానికి చోటుండదు.

కింద ఎర్ర బటన్ ఉంటుంది, ఓవర్‌లోడ్ స్విచ్. మోటారు మీద భారం మరీ ఎక్కువైతే అది పడి కరెంటు ఆపేస్తుంది. లత గారూ, ఆ రోజు అది పడిందా?

బెజవాడ_లత
పడింది శీను గారూ. రెండో వాయిలో ఒకసారి, మూడో వాయి మొదట్లో ఒకసారి. వెంటనే నొక్కి మళ్లీ తిప్పాను, టైమ్ లేదు మరి.

కరెంటు_శీను
అక్కడే దెబ్బ తగిలింది. ఆ బటన్ పడిందంటే "నన్ను కాసేపు వదిలెయ్" అని మోటారు అడుగుతున్నట్టు. కనీసం పావుగంట, అరగంట చల్లారనిచ్చాకే నొక్కాలి. ఇది కొన్నప్పుడు ఏ షాపులోనూ చెప్పరు, పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఒంటరి_వంటగాడు
ఇంత కష్టం దేనికి? మా గచ్చిబౌలిలో సందుకో బండి, కిలో పిండి కొలిచి ఇస్తారు. నేను మిక్సీ కూడా తీసేశాను.

గోదారి_పెద్దమ్మ
నాయనా, ఆ బండి పిండిలో బియ్యమో రవ్వో కలిసి ఉంటుంది, పైగా పులిసి ఉంటుంది. దోసె వస్తుంది, గారె రాదు. తద్దినానికైతే బయటి పిండి అసలు వాడరు, ఇంట్లో స్నానం చేసి రుబ్బుకోవాల్సిందే.

లతమ్మా, గారె గురించి నేను చెప్పేది విను. పప్పు మూడు గంటలకి మించి నానకూడదు. ఎక్కువ నానితే పిండి జారుతుంది, నూనె పీల్చేస్తుంది. నీళ్లన్నీ వంపేసి చిల్లుల గిన్నెలో పది నిమిషాలు ఉంచు. రుబ్బేటప్పుడు నీళ్లు పోయకు, వేళ్లతో చిలకరించు. పిండి అయిందో లేదో తెలియాలంటే గిన్నెలో నీళ్లు పెట్టుకుని ఉసిరికాయంత ముద్ద అందులో వెయ్యి. తేలిందా, అయినట్టు. మునిగిందా, ఇంకా రుబ్బాలి. మా అమ్మ రుబ్బురోట్లో రుబ్బేటప్పుడూ ఇదే గుర్తు, నేను గ్రైండర్లో రుబ్బినా ఇదే గుర్తు. మిక్సీలో నేను రుబ్బితే ఆ ముద్ద సగం సార్లు మునిగేది. ఇక తప్పక చేత్తో పది నిమిషాలు గిలకొట్టేదాన్ని, రెక్క నొప్పి.

విశాఖ_అల
పెద్దమ్మ గారూ, చేత్తో గిలకొట్టడం నేనూ చేస్తాను, అదే అసలు కిటుకు. గ్రైండర్ చేసే పని కూడా అదేగా, గాలి ఎక్కించడం. దానికి ఐదు వేలు పెట్టడం దేనికి?

గోదారి_పెద్దమ్మ
నీ వయసులో నేనూ అలాగే అన్నాను తల్లీ. నాకిప్పుడు 64.

వరంగల్_రమ్య
నేను గ్రైండర్‌కి వ్యతిరేకం. కారణం చెప్తా. మూడేళ్ల క్రితం 2 లీటర్లది ముచ్చటపడి కొన్నా. ఇప్పుడు అటక మీద ఉంది. పిండి రుబ్బడం అరగంట, కడగడం ఇంకో అరగంట. డ్రమ్ము, రెండు రాళ్లు, పిండి తోసే పలక, మూత. రాళ్ల సందుల్లో ఇరుక్కున్న పిండి చెయ్యి పెట్టి తీయాలి. మొత్తం మిషన్ పది కిలోల పైమాటే, అటూ ఇటూ జరపలేం.

అసలు సంగతి ఇంకొకటి. తమిళం వాళ్లు ఇడ్లీకి బియ్యం కూడా రుబ్బుతారు, వాళ్లకి గ్రైండర్ తప్పదు. మనం ఇడ్లీ రవ్వ కడిగి, నీళ్లు పిండేసి, రుబ్బిన పప్పులో కలుపుతాం. రుబ్బేది ఒక్క గ్లాసు పప్పు. ఆ ఒక్క గ్లాసుకి ఇంత మిషనా? రెండు లీటర్ల డ్రమ్ములో గ్లాసు పప్పు వేస్తే రాళ్లకి అంటుకుని తిరుగుతుంది తప్ప నలగదు. సకినాల పిండికైతే ఎలాగూ తడిబియ్యం గిర్నీకి పంపిస్తాం.

పెసరట్టు_ప్రేమికుడు
గిర్నీ అంటే మా పిండిమరే కదా? సకినాలు రెండు పంపిస్తే రుచి చూసి నిర్ధారిస్తాను.

వరంగల్_రమ్య
అవును, మరే. సంక్రాంతికి రండి, రెండేం ఖర్మ, డబ్బా ఇస్తా.

కోయంబత్తూరు_తెలుగోడు
మాది ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. గ్రైండర్ పుట్టిన ఊళ్లోనే ఉన్నాం కాబట్టి రమ్య గారి మాటకి జవాబివ్వాలి.

ఇక్కడ సభాపతి అనే ఆయన 1955లో వెట్ గ్రైండర్ తయారుచేశారని చెప్తారు. అప్పటి నుంచి ఊరంతా ఇదే పరిశ్రమ. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కి 2005-06లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పెద్ద కంపెనీల పేర్లున్న వాటితో పాటు వీధి చివర షెడ్డులో తయారైనవీ ఉంటాయి.

రమ్య గారు అన్న "గ్లాసు పప్పు నలగదు" నిజమే, కానీ అది 2 లీటర్ల డ్రమ్ముతో వచ్చే ఇబ్బంది. 1.25 లీటర్లవి కూడా దొరుకుతున్నాయి. చిన్న కుటుంబానికి, చిన్న గట్టుకి అవి సరిపోతాయి. అయిదుగురికి, వారానికి మూడుసార్లకి మాత్రం 2 లీటర్లే మేలు. ఒకసారి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మూడు రోజులకి వస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సింది రాయి. గోరుతో గీస్తే పొడి రాలకూడదు. చేత్తో తడిమితే సన్నగా గరుకు తగలాలి. అద్దంలా నున్నగా ఉంటే పప్పు జారిపోతుంది, నలగదు. డ్రమ్ము అడుగు రాయి కూడా అంతే. స్టీలు ఎంత మెరుస్తోందో చూసి కొనేవాళ్లే ఎక్కువ, అరిగేది, పనిచేసేది రాయి.

నెల్లూరు_నవీన్
రాయి సరే, కరెంటు సంగతి ఎవరూ చెప్పరే.

కరెంటు_శీను
చెప్తా. 2 లీటర్ల టేబుల్ టాప్ మోటారు మామూలుగా 150 వాట్లు. అరగంట తిరిగితే 75 వాట్-అవర్లు, అంటే యూనిట్‌లో పదమూడో వంతు. లత గారి మిక్సీ 750 వాట్లు. అదే పప్పుకి మొత్తం పది నిమిషాలు తిప్పారనుకోండి, 125 అవుతుంది. గ్రైండరే తక్కువ. ఎక్కువసేపు తిరిగేది ఎక్కువ తింటుందని అనుకుంటాం, వాట్లు చూడం.

నెల్లూరు_నవీన్
లెక్క వేసి చూశాను, మీరు చెప్పిందే కరెక్ట్. కరెంటు మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ధర? మా అక్క 2022కి ముందు కొన్నదానికీ ఇప్పటికీ చాలా తేడా.

కోయంబత్తూరు_తెలుగోడు
దానికి కారణం ఉంది. 2022 జులైలో వెట్ గ్రైండర్ల మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెంచారు. ఇక్కడి చిన్న తయారీదారులు అప్పుడు చాలా బాధపడ్డారు.

పెసరట్టు_ప్రేమికుడు
గారెలు, ఇడ్లీల సంగతి మీ ఇష్టం. పెసరట్టుకి మాత్రం మిక్సీయే. పెసలు కాస్త బరకగా ఉండాలి, పంటి కింద అల్లం, జీలకర్ర తగలాలి. గ్రైండర్లో వేస్తే వెన్నలా అయిపోయి అట్టు మెత్తగా, చప్పగా వస్తుంది. మా ఆవిడ గ్రైండర్ కొన్నాక మొదటి నెల రోజులు ఆ మెత్తని పెసరట్లే తిన్నాం. ఆఖరికి ఆవిడే మిక్సీ జార్ బయటికి తీసింది.

గోదారి_పెద్దమ్మ
ఇది మాత్రం నిజం. రోటి పచ్చళ్లకి రెండూ పనికిరావు. మిక్సీలో వంకాయ పచ్చడి వేస్తే జావ. గోంగూరైతే మరీనూ. నేను ఇప్పటికీ చిన్న రాతి రోలు ఉంచుకున్నా. పచ్చిమిర్చి, ఉప్పు, చింతపండు ముందు నూరి, ఉల్లిపాయ ఆఖర్న వేసి రెండు పోట్లు పొడుస్తా, అంతే.

ఒంటరి_వంటగాడు
పెద్దమ్మా, ఆకలేస్తోంది. ఆ రోలు ఎక్కడ దొరుకుతుంది, ఎంత పెద్దది కొనాలి? ఇది నిజంగానే అడుగుతున్నా.

గోదారి_పెద్దమ్మ
సైజు జానెడుంటే ఒక్కడివి చాలు. రోడ్డు పక్కన రాతి సామాన్లు పెట్టి అమ్ముతారు చూడు, వాళ్ల దగ్గర తీసుకో, గాట్లు కూడా వాళ్లే పెట్టిస్తారు. తెచ్చాక ముందు నానిన బియ్యం వేసి నూరి పారబొయ్యి. నీళ్లు తెల్లగా వచ్చేదాకా అలా చెయ్యి. అప్పుడు పచ్చడి.

డాలస్_సుధ
నాలా అమెరికాలో ఉండేవాళ్లకోసం ఒక మాట, ఎందుకంటే నేను నష్టపోయాను. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో 2 లీటర్ల గ్రైండర్ తెచ్చాను, లగేజీ బరువంతా దానికే పోయింది. ఇక్కడ 110 వోల్టులు, అక్కడిది 230. ట్రాన్స్‌ఫార్మర్ కొని పెట్టాను. తిరిగింది, కానీ మామూలు కంటే జోరుగా. శబ్దం కూడా వేరు. ఏడాదికే మోటారు పోయింది. ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

కరెంటు_శీను
సుధ గారూ, ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో దాన్ని, మార్చదు. మన దగ్గర 50 హెర్ట్జ్, అమెరికాలో 60. గ్రైండర్లో ఉండేది ఇండక్షన్ మోటారు, దాని వేగం ఫ్రీక్వెన్సీని బట్టే. అందుకే అయిదో వంతు ఎక్కువ జోరుగా తిరిగింది. మిక్సీ మోటారు వేరే రకం, దానికి ఫ్రీక్వెన్సీ పట్టింపు లేదు, వోల్టేజీ సరిపోతే చాలు. గ్రైండర్ కావాలంటే అక్కడే 110 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసి ఉన్నది కొనుక్కోండి.

డాలస్_సుధ
నాలుగేళ్ల తర్వాత జవాబు దొరికింది. ఇక్కడి ఇండియన్ స్టోర్‌లో 110 వోల్టులవి ఉన్నాయి, ధర మాత్రం ఇండియాలో కంటే ఎక్కువే. అయినా శనివారం పొద్దున పిల్లలకి మెత్తటి ఇడ్లీ పెట్టాలంటే ఇంకో దారి లేదు నాకు. చలికాలం పిండి పులవడానికి ఓవెన్‌లో లైట్ వేసి రాత్రంతా ఉంచుతాను. మిక్సీలో రుబ్బిన పిండి పొంగేది కాదు, గ్రైండర్ పిండి అదే గిన్నెలో అంచు దాకా వచ్చేది.

విశాఖ_అల
సుధ గారూ, మిక్సీ పిండి పొంగకపోవడానికి వేడి కారణం. బ్లేడు జోరుకి పిండి గోరువెచ్చగా అయిపోతుంది. అందుకే ఐస్ నీళ్లు అన్నాను. నా పిండి పొంగుతుంది.

హక్కుల_విజయ్
అందరూ పిండి గురించే మాట్లాడుతున్నారు. లత గారి 2,300 సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు. 14 నెలలకే "మీదే తప్పు" అని చెప్పి పంపేస్తే ఊరుకోకూడదు.

లత గారూ, వారంటీ కార్డు మళ్లీ చదవండి. చాలా మిక్సీలకి వస్తువు మొత్తానికి ఒక గడువు, మోటారుకి విడిగా ఇంకో గడువు ఉంటాయి. మీ కార్డులో మోటారుకి ఎన్నేళ్లు రాశారు? ఓవర్‌లోడ్ వల్ల పోతే వర్తించదని ఎక్కడైనా ఉందా? ఉంటే అది ఏ మాటల్లో ఉంది? సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పింది కాగితం మీద రాసిచ్చారా, నోటి మాటేనా?

బెజవాడ_లత
కార్డు తీశాను. వస్తువుకి 2 ఏళ్లు, మోటారుకి 5 ఏళ్లు అని ఉంది. వాణిజ్య అవసరాలకి వాడితే, పడేస్తే, బయట విప్పితే వర్తించదని ఉంది. ఓవర్‌లోడ్ అన్న మాట ఎక్కడా లేదు. వాళ్లు రాసివ్వలేదు, నోటితోనే చెప్పారు. బిల్లు ఉంది, షాపు ముద్ర కూడా ఉంది.

హక్కుల_విజయ్
అయితే ఇంకేం. మొదట ఆ సెంటర్‌కి వెళ్లి "వారంటీ ఎందుకు రాదో రాసివ్వండి" అని అడగండి. రాసివ్వమనగానే సగం మంది మెత్తబడతారు. రాయకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు నంబర్ ఇస్తారు, కంపెనీకి వాళ్లే పంపిస్తారు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు విలువకి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి.

బిల్లు ఫొటో ఇవాళే తీసి పెట్టుకోండి. ఆ కాగితం మీద అక్షరాలు ఏడాదిలో మాసిపోతాయి. నా ఫ్రిజ్ విషయంలో అలాగే జరిగింది. కేసు బలంగా ఉన్నా బిల్లు తెల్లకాగితమై కూర్చుంది.

వరంగల్_రమ్య
ఈ ఒక్క మాటకోసం నా డ్రాయర్‌లోని బిల్లులన్నీ ఇప్పుడే ఫొటోలు తీశా. వాషింగ్ మెషిన్ బిల్లు అప్పుడే సగం పోయింది.

కరెంటు_శీను
విజయ్ గారు చెప్పినట్టే చేయండి. నా షాపుకి వచ్చేవాళ్లలో చాలామందికి మోటారు వారంటీ ఉన్నట్టే తెలియదు. అయితే బయట విప్పితే ఆ వారంటీ పోతుంది. నా దగ్గరికి తెచ్చినా ముందు "కార్డు చూశారా" అనే అడుగుతా. ఇంకొకటి, మోటారు కొత్తది వేసినా గారెల పప్పు మళ్లీ అదే వాయిల్లో తిప్పితే మళ్లీ అదే జరుగుతుంది.

పెసరట్టు_ప్రేమికుడు
వాట్లు ఎక్కువున్న మిక్సీ, 1000 వాట్లది, కొంటే సరిపోదా?

కరెంటు_శీను
కొంత మేలే, కానీ రోగం అదే. 1000 వాట్లది ఇంకాస్త తట్టుకుంటుంది. అది కూడా నిమిషానికి వేల చుట్లు తిరిగే మిషనే. మినప్పప్పుకి కావాల్సింది జోరు కాదు, ఒత్తిడి. గ్రైండర్ డ్రమ్ము నిమిషానికి నూట చిల్లర చుట్లే తిరుగుతుంది. రాయి బరువుకి పప్పు నలుగుతుంది, తిరిగినకొద్దీ గాలి కలుస్తుంది. రుబ్బురోలు కూడా అంతే కదా, పొత్రం బరువే పని చేసేది. ఎండు మసాలా, కొబ్బరి, కారం పొడికి జోరు కావాలి, అక్కడ మిక్సీ రాజు.

గోదారి_పెద్దమ్మ
మా పెళ్లయిన కొత్తలో, 1980ల్లో, మా పుట్టింటివాళ్లు సుమీత్ మిక్సీ ఇచ్చారు. వీధిలో అదే మొదటిది. ఊళ్లోవాళ్లు చూడటానికి వచ్చేవారు. మా అత్తగారు మాత్రం పది రోజులు చూసి "పొడులకి బాగుంది, పప్పు రోట్లోనే" అని తేల్చేసింది. శీను ఇప్పుడు చెప్పింది ఆవిడ అప్పుడే చెప్పింది.

బెజవాడ_లత
పది రోజులు రాయలేకపోయాను. జరిగింది చెప్తాను.

సెంటర్‌కి వెళ్లి రాసివ్వమన్నాను. "మేనేజర్ లేరు" అన్నారు. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడే 1915కి ఫోన్ చేశాను. అమ్మాయి చక్కగా తెలుగులో అన్నీ అడిగి నంబర్ ఇచ్చింది, మెసేజ్ వచ్చింది. ఆరో రోజు కంపెనీ నుంచి ఫోన్. బిల్లు, కార్డు ఫొటోలు పంపమన్నారు, పంపాను. నిన్న మిక్సీ ఇంటికి వచ్చింది. మోటారు కొత్తది, డబ్బు తీసుకోలేదు. విజయ్ గారూ, మా ఆయన "వదిలెయ్, 2,300కి ఇంత తిరుగుడా" అన్నారు. మీ మాట చదవకపోతే నిజంగానే వదిలేసేదాన్ని.

ఆ మిగిలిన డబ్బు పెట్టి గ్రైండర్ కూడా తీసుకున్నాను, 2 లీటర్లది. షాపులో రాయి మీద గోరుతో గీసి చూస్తుంటే కుర్రాడు వింతగా చూశాడు. మొదట చూపించినదాని రాయి గీస్తే గోటి కిందకి బూడిద రంగు పొడి వచ్చింది. రెండోది గరుకుగా, గట్టిగా ఉంది, అదే తెచ్చాను. ఇంటికొచ్చి గుప్పెడు నానిన బియ్యం వేసి తిప్పితే మొదటి వాయి సిమెంటు నీళ్లలా వచ్చింది. రెండోది కాస్త తెలుపు. మూడోసారి వేలితో తీసి చూస్తే పాలలా ఉంది, అప్పుడు ఆపాను.

పొద్దున గారెలు. పావుకిలో పప్పు, నీళ్లు చిలకరించడమే. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. పెద్దమ్మ గారు చెప్పినట్టు గిన్నెలో నీళ్లు పెట్టి ముద్ద వేశాను. ఒక్క క్షణం కిందకి వెళ్లి, పైకి తేలింది. మా అత్తగారిని పిలిచి చూపించాను. ఆవిడ ఏమీ అనలేదు, ఇంకో ముద్ద తనే వేసి చూసింది. చెయ్యి తడి చేసుకుని ఆకు మీద తట్టి చిల్లు పెడితే, చిల్లు మూసుకుపోకుండా నూనెలోకి జారింది. పేపర్ మీద తీసి పెడితే నూనె మరక దాదాపు లేదు.

గోదారి_పెద్దమ్మ
చదువుతుంటే కడుపు నిండింది తల్లీ. మామగారి తద్దినం రోజు పడ్డ బాధ మళ్లీ పడవు.

విశాఖ_అల
సంతోషం లత గారూ. నేను మిక్సీలోనే ఉంటాను, నా గారెలు కూడా తేలతాయి. వాయికి గుప్పెడే, అంతే తేడా.

హక్కుల_విజయ్
ఫిర్యాదు నంబర్, మెసేజ్ చెరిపేయకండి. ఆ మోటారుకి ఏదైనా అయితే మళ్లీ పనికొస్తాయి. మార్చినట్టు రాసిన జాబ్ షీట్ ఇచ్చారా?

బెజవాడ_లత
ఇచ్చారు, ఫొటో తీసి పెట్టాను. కడగడం గురించి రమ్య గారు చెప్పింది నిజమే, నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఎవరైనా తేలిక దారి చెప్పండి.

కోయంబత్తూరు_తెలుగోడు
పిండి తీసేశాక రెండు గ్లాసుల నీళ్లు పోసి రెండు నిమిషాలు తిప్పండి, రాళ్లకి పట్టిందంతా దిగిపోతుంది. ఆ నీళ్లు మేమైతే దోసెల పిండి పల్చన చేయడానికి వాడతాం, పారబోయం. ఆ తర్వాత రాళ్లు తీసి కుళాయి కింద పెడితే అయిదు నిమిషాల పని. సబ్బు రాయికి వద్దు. డ్రమ్ము మధ్యలో ఇరుసు దగ్గర నీళ్లు నిలవకుండా గుడ్డతో తుడిచి బోర్లించండి.

వరంగల్_రమ్య
లత గారి పోస్టు చదివి మా ఆయనతో గ్రైండర్ అటక మీద నుంచి దింపించాను. ఈసారి రెండు గ్లాసుల పప్పు ఒకేసారి నానబోశా, సగం ఫ్రిజ్‌లో పెడదామని. స్విచ్ వేస్తే మోటారు శబ్దం వస్తోంది, డ్రమ్ము మాత్రం ఒక చుట్టు తిరిగి ఆగుతోంది. శీను అన్నా, మోటారు పోయినట్టేనా?

కరెంటు_శీను
మోటారు బాగానే ఉంది రమ్యా, శబ్దం వస్తోందిగా. అది బెల్టు. మూడేళ్లు అటక మీద వేడికి సాగిపోయి ఉంటుంది. ప్లగ్ తీసేసి, డ్రమ్ము దించి, కింద మూత స్క్రూలు విప్పు. నల్ల రబ్బరు బెల్టు కనిపిస్తుంది, దాని మీద నంబర్ ఉంటుంది. పాతది చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లు, నంబర్ చూసి కొత్తది ఇస్తారు, పెద్ద ఖర్చేం కాదు. ఇవాళ్టికి ఆ పప్పు ఫ్రిజ్‌లో పెట్టెయ్, బయట ఉంచితే ఎక్కువ నానిపోతుంది.